ఎండ సోకని చోట నల్లమచ్చ

పత్తి ఏరే కాలంలో పాత నల్లగొండ జిల్లాలోని మోత్కూర్ చుట్టుపక్కల ఏ చేలో చూసినా ఎండ చేసే పని కళ్ల ముందే ఉంటుంది. మోచేతి కింద చర్మం ఒక రంగు, రవిక చేతి మాటున చర్మం ఇంకో రంగు. ఎండ నుంచి కాపాడుకోవడానికే ఒళ్లు నలుపు తయారు చేసుకుంటుందని బడిలో చదివిందీ, రోజూ చూసేదీ ఒక్కటే కావడంతో ఆ మాటను ఎవరూ తిరిగి ప్రశ్నించరు. మరి ముక్కు లోపలి గోడ మీద, ముక్కు వెనక నుంచి గొంతులోకి దిగే మలుపులో, స్వరతంత్రుల పక్కన నల్లమచ్చ ఎట్లా వస్తుంది? పుట్టినప్పటి నుంచీ అక్కడ ఎండ పొడ పడదు. అయినా కొద్దిమందికి ఆ చోట్లలో గోధుమ, నలుపు, ఒక్కోసారి నీలి మచ్చలు ఉంటాయి. ఇవి అరుదు. పైగా నొప్పి లేదు, రక్తం రాదు కాబట్టి ఉన్నవాళ్లకు కూడా ఆ సంగతి తెలియదు. ఇంకేదో ఇబ్బందికి ఈఎన్‌టీ డాక్టరు సన్నటి గొట్టం కెమెరా పెట్టి చూసినప్పుడో, ఆపరేషన్‌కు మత్తు ఇచ్చేముందు గొంతులోకి గొట్టం దించేటప్పుడో అనుకోకుండా బయటపడతాయి.

బయటపడగానే భయం పట్టుకుంటుంది. ఆ భయానికి దగ్గరి చరిత్రే ఉంది. 2021 మే 20న తెలంగాణ ప్రభుత్వం బ్లాక్ ఫంగస్‌ను తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బుల్లో చేర్చింది. కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి ఆ రోగులతో నిండిపోయింది. ముక్కులో నలుపు కనపడితే కన్ను పోతుంది, ప్రాణం పోతుంది అన్న మాట ఆ ఎండాకాలంలో ఊరూరికీ చేరింది. ఆనాటికి ఆ హెచ్చరిక సరైనదే. అయితే దాంతో పాటే ముక్కులో నల్లగా ఏది కనిపించినా ముప్పేనన్న లెక్క కూడా జనం మనసులో స్థిరపడింది. ఈ లెక్క తప్పు. రంగును బట్టి ఆ కణం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పవచ్చు, అది రేపు ఏం చేస్తుందో చెప్పలేం. దీనికి రుజువులు పిండం నుంచి శ్రీకాకుళం పల్లెల దాకా పరుచుకుని ఉన్నాయి. ఎదురు వాదనలూ ఉన్నాయి, వాటిలో కొన్ని గట్టివే.

నలుపంతా ఒక్క పదార్థం కాదు

ముందు బ్లాక్ ఫంగస్ సంగతే తేల్చుకుందాం. ఆ జబ్బు తెచ్చే బూజు పోగులను సూక్ష్మదర్శిని కింద చూస్తే దాదాపు రంగు లేకుండా ఉంటాయి. అవి రక్తనాళాల గోడల్లోకి చొరబడతాయి, నాళంలో రక్తం గడ్డకడుతుంది, రక్తం అందని కండ చచ్చిపోయి బొగ్గులా మారుతుంది. డాక్టర్లు చూసిన నలుపు చచ్చిన కండ రంగు. అది రోజుల్లో, కొన్నిసార్లు గంటల్లో పెరుగుతుంది. ఎక్కువగా అదుపు తప్పిన షుగరు ఉన్నవాళ్లలో, లేదా స్టెరాయిడ్లు బాగా వాడినవాళ్లలో వస్తుంది. ముఖం నొప్పి, బుగ్గ తిమ్మిరి, కన్ను వాపు తోడుంటాయి. ఏళ్ల తరబడి ఒకేలా ఉన్న చదునైన మచ్చకూ దీనికీ పోలికే లేదు.

ఇక మిగతా నలుపులు. ముక్కు నుంచి తరచూ రక్తం కారేవాళ్లలో పాత రక్తంలోని ఇనుము పొరలో చిక్కుకుని గోధుమ రంగు మిగులుస్తుంది. పన్నులో నింపిన వెండి మిశ్రమం రేణువులు చిగురులో దిగితే నీలిబూడిద రంగు చుక్క ఏర్పడుతుంది. కొన్ని మందులు, ఉదాహరణకు మొటిమలకు వాడే మినోసైక్లిన్, ఏళ్ల మీద వాడితే నోటి లోపల రంగు మారుస్తాయి. మూత్రపిండాల మీద టోపీలా కూర్చునే అడ్రినల్ గ్రంథులు దెబ్బతిన్నప్పుడు బుగ్గల లోపల నల్లటి మరకలు వస్తాయి. 1855లో థామస్ అడిసన్ వర్ణించిన ఈ జబ్బుకు మన దేశంలో క్షయ ఒక ముఖ్య కారణం. పెదాల మీద, నోట్లో చిన్నప్పటి నుంచే నల్లచుక్కలు ఉండి, పేగుల్లో కండలు పెరిగే వంశపారంపర్య జబ్బు మరొకటుంది. అక్కడ చుక్కలు ఏ హానీ చేయవు, చూడాల్సింది పేగులను. ఇవన్నీ పక్కన పెట్టాక మిగిలేది మెలనిన్. చర్మానికీ జుట్టుకూ రంగునిచ్చే పదార్థమే ఇది.

వీటిని విడదీయడానికి ప్రయోగశాలలో పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు, వందేళ్లకు పైబడిన రంగుల పరీక్షలు చాలు. చిన్న ముక్క తీసి పలుచటి పొరలుగా కోసి ఒకదాని మీద ఇనుమును నీలంగా మార్చే ద్రావణం పోస్తారు. నీలం వస్తే పాత రక్తం. ఇంకో పొర మీద వెండి లవణం పోస్తారు, మెలనిన్ ఉంటే అది నల్లగా అచ్చవుతుంది. మెలనిన్ మరీ దట్టంగా ఉంటే కణం నడుమ ఉండే కేంద్రకం కనపడదు, అసలు చూడాల్సింది ఆ కేంద్రకాన్నే. అప్పుడు పెథాలజిస్టు పర్మాంగనేట్‌తో ఆ నలుపును కడిగేసి మళ్లీ చూస్తాడు. మచ్చ మంచిదో చెడ్డదో తేల్చేందుకు నిపుణుడు ముందు ఆ రంగునే చెరిపేయాల్సి వస్తోందంటే, తీర్పులో రంగు వాటా ఎంతో తెలుస్తూనే ఉంది.

వెన్ను మీద బయలుదేరిన కణాలు

మెలనిన్ తయారు చేసే కణాలను మెలనోసైట్లు అంటారు. అవి చర్మంలో పుట్టవు. తల్లి కడుపులో పిండానికి నాలుగో వారం నడుస్తుండగా వీపు వైపున ఒక పలక ముడుచుకుని గొట్టమవుతుంది. మెదడు, వెన్నుపాము అయ్యేది ఆ గొట్టమే. గొట్టం మూసుకునే అంచుల నుంచి కొన్ని కణాలు విడిపోయి ఒంటి నిండా వలస పోతాయి. స్విట్జర్లాండ్‌కు చెందిన విల్‌హెల్మ్ హిస్ 1868లో కోడి పిండంలో ఈ అంచును గుర్తించాడు. ఇవి ఎక్కడెక్కడికి పోతాయో కచ్చితంగా చూపింది ఫ్రాన్స్ శాస్త్రవేత్త నికోల్ లె దువారెన్. కంజుపిట్ట కణాల కేంద్రకాలు కోడి కణాల వాటికంటే వేరుగా కనిపిస్తాయని 1969లో ఆమె గమనించింది. కంజు పిండంలోని ఆ అంచును కోసి కోడి పిండంలో అతికించి, ఎదిగాక ఏ కణం ఎక్కడ తేలిందో ఒక్కొక్కటే వెతికింది. పొదిగాక వచ్చిన తెల్ల కోడిపిల్లల రెక్కల మీద కంజు రంగు ఈకలు మొలిచాయి. చాలా నరాలు, కొన్ని గ్రంథుల కణాలు, మెలనోసైట్లు ఆ అంచు సంతానమేనని తేలింది.

మన ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ముఖం ఎముకలు, ముక్కులోని మృదులాస్థి, దవడలు కూడా ఎక్కువ భాగం ఆ అంచు నుంచి వచ్చిన కణాలే కట్టినవి. ముక్కును కట్టడానికి వచ్చిన గుంపులోనే మెలనోసైట్లు కాగలిగిన కణాలూ ఉన్నాయన్న మాట. 2009లో స్వీడన్ పరిశోధకులు మరో దారి కూడా చూపారు. నరాలను చుట్టుకుని పెరిగే లేత కణాల్లో కొన్ని చివరికి చేరాక మెలనోసైట్లుగా మారతాయి. నరం ఎక్కడికి పోతే రంగు కణం అక్కడికి పోగలదు, ముక్కూ గొంతూ నరాలతో నిండిన చోట్లు. 1972లో స్వరపేటికలో, 1974లో ముక్కు లోపలి పొరలో మామూలు మనుషుల్లోనే అక్కడక్కడ మెలనోసైట్లు ఉన్నాయని న్యూయార్క్ వైద్యులు చూపినప్పుడు అది వింతగా అనిపించింది. ఈ వలస కథ తెలిసినవారికి అందులో వింతేమీ కనపడదు. దారిలో ఆగిన ఆ కొద్ది కణాలు ఒకచోట గుమికూడితే అది పుట్టుమచ్చ, గుమికూడకుండా రంగు మాత్రం ఎక్కువ చేస్తే అది మెలనోసిస్ అనే చదునైన నల్లమరక.

ఈ వంశం కథకు బలమైన సాక్ష్యం పసిపిల్లల్లో ఉంది. ఏడాది నిండని బిడ్డకు పైదవడలో నీలినల్లటి గడ్డ ఒకటి చాలా అరుదుగా వస్తుంది. 1918లో హంగరీకి చెందిన క్రోంపెచర్ దాన్ని మొదట వర్ణించినప్పటి నుంచి అది పన్ను గడ్డా, కంటి పొర గడ్డా అని వాదన నడిచింది. 1966లో అమెరికాలో ఒక బిడ్డ మూత్రంలో నరాల వంశపు కణాలు విడిచే రసాయనం దొరికింది, గడ్డ తీసేశాక అది తగ్గిపోయింది. వాదన వీపు అంచు వైపు మొగ్గింది. ఈ గడ్డ సాధారణంగా క్యాన్సర్ కాదు. కానీ వారాల్లో పెరిగి పాలపళ్లను నెట్టేస్తుంది, తీసినా కొందరిలో మళ్లీ వస్తుంది. హాని లేనిదన్న ముద్ర పడ్డంత మాత్రాన చేతులు కట్టుకుని కూర్చోకూడదని కూడా దీన్ని బట్టి తెలుస్తుంది.

చీకట్లో వాటికేం పని

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. దారి తప్పి ఆగిన కణాలు పనికిరాని చెత్తే కదా, చెత్త పేరుకుంటే ముప్పే కదా అని. చెవిని చూస్తే ఈ వాదన నిలవదు. లోపలి చెవిలో, చీకట్లోనే, మెలనోసైట్లు ఒక పొరలో వరుసగా ఉంటాయి. వినికిడికి అవసరమైన విద్యుత్తు తేడాను నిలబెట్టేది ఆ పొరే. 1951లో డచ్ కంటి డాక్టరు వార్డెన్‌బర్గ్ నుదుటి మీద తెల్లజుట్టు పాయ, లేత నీలి కళ్లు, పుట్టుచెవుడు కలిసివచ్చే కుటుంబాలను వర్ణించాడు. రంగు కణాలు చేరాల్సిన చోటికి చేరకపోవడమే కారణం. 1981లో ముంబయి వైద్యుడు షా తన సహచరులతో కలిసి ఇలాంటి తెల్ల పాయ ఉన్న శిశువుల్లో పేగు నరాలు కూడా లేకపోవడాన్ని నమోదు చేశాడు. జుట్టు రంగు, పేగు కదలిక రెండూ ఒకే వలసకు ముడిపడి ఉన్నాయని దాంతో తెలిసింది. ఆ జబ్బు పేరులో షా పేరు నేటికీ ఉంది. ముక్కులో, గొంతులో ఈ కణాలు ఏం చేస్తాయో చెవి విషయంలో ఉన్నంత గట్టి రుజువు లేదు. మెలనిన్‌కు లోహాలనూ, పొగలోని విషాలనూ పట్టి ఉంచే గుణముంది కాబట్టి అక్కడ అది కాపలా పని చేస్తుందన్నది ఒక వివరణ.

ఆ వివరణను పరీక్షించిన చోటు తెలుగు నేలే. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో ముఖ్యంగా ఆడవాళ్లు చుట్ట కాలే కొసను నోట్లో పెట్టుకుని తాగే అలవాటుంది, దాన్ని అడ్డపొగ అంటారు. అంగిలి అంటే ముక్కుకు నేల, నోటికి పైకప్పు. నిప్పూ పొగా నేరుగా దానికే తగులుతాయి. డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్, ముంబయి టాటా పరిశోధన సంస్థకు చెందిన ఫాలి మెహతా బృందం ఉత్తరాంధ్రలో 10,169 మంది గ్రామస్థుల అంగిళ్లు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రచురించింది. వారిలో నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్లే. అలాంటి అంగిళ్ల మీద పొర మందమై తెల్లబడడం, ఎర్రటి మచ్చలు, పుండ్లు కనిపిస్తాయి. రంగు విషయానికొస్తే ఒకచోట నలుపు పెరిగి ఉంటుంది, దాని పక్కనే రంగు పూర్తిగా పోయిన గులాబీ మచ్చలుంటాయి. పొగ తగిలినప్పుడు రంగు కణాలు ముందు ఎక్కువ పని చేస్తాయి, దెబ్బ మితిమీరితే అవే చచ్చిపోతాయని దీన్ని అర్థం చేసుకోవచ్చు. అక్కడ భయపడాల్సింది నలుపు పోయి ఎర్రబడ్డ, పుండైన చోటుకు. బీడీ, సిగరెట్ తాగేవాళ్ల చిగుళ్ల మీద వచ్చే నల్లదనం కూడా ఈ కోవదే, మానేస్తే నెలలూ ఏళ్ల మీద పలచబడుతుంది. స్వరపేటికలో నల్లమరకలు దొరికినవాళ్లలోనూ పొగతాగేవాళ్లే ఎక్కువ.

నల్లగొండ పాత జిల్లా మనుషులకు రంగును బట్టి గతాన్ని చదవడం కొత్త కాదు. పంటి మీద గోధుమ చారలు చూడగానే ఈ మనిషి చిన్నప్పుడు ఏ ఊరి ఫ్లోరైడ్ బోరునీళ్లు తాగాడో ఇక్కడ అంచనా వేస్తారు. ఆ చారలు చిగురు కింద పన్ను తయారవుతున్న వయసులో పడినవి, తర్వాత నీళ్లు మారినా పోవు. వాటిని బట్టి గతం తెలుస్తుంది, ఇవాళ ఆ మనిషి వెన్ను ఎట్లా ఉందో తెలియాలంటే ఎక్స్‌రే తీయాల్సిందే. ముక్కులోని నల్లమరకనూ అంతవరకే నమ్మాలి.

——————————
పెట్టెలో
నీలి మచ్చ ఎందుకు నీలం?
మెలనిన్ నీలంగా ఉండదు, గోధుమ, నలుపే. రంగు కణాలు పొర పైభాగంలో ఉంటే మచ్చ గోధుమగా కనిపిస్తుంది. లోతుగా ఉంటే లోపలికి పోయిన ఎర్ర కాంతిని నలుపు మింగేస్తుంది, పైపొరల్లోనే చెదిరే నీలి కాంతి మాత్రం తిరిగి కంటికి చేరుతుంది. 1906లో వర్ణించిన ‘నీలి పుట్టుమచ్చ’ ఇలాంటిదే, ముక్కులో అది బహు అరుదు. 1939లో జపాన్ వైద్యుడు ఓటా వర్ణించిన మచ్చ కంటి చుట్టూ, బుగ్గ మీద నీలిబూడిద రంగులో పరుచుకుంటుంది. అది ఆసియావాసుల్లో, అందులోనూ ఆడవాళ్లలో ఎక్కువ. కొందరిలో కంటి తెల్లగుడ్డు, అంగిలి, ముక్కు లోపలి పొర, కర్ణభేరి దాకా వ్యాపించి ఉంటుంది, ఒకే నరం పంచే ప్రాంతమంతటా.
——————————

గట్టి అభ్యంతరం: మెలనోమా

ఇంతవరకూ చెప్పిందంతా ఒప్పుకున్నా ఒక మాట మిగులుతుంది. ముక్కులో, నోట్లో మెలనోసైట్ల నుంచి వచ్చే క్యాన్సర్ మెలనోమా ఘోరమైనది. క్యాన్సర్ల దశలు నిర్ణయించే అంతర్జాతీయ పట్టికలో చాలా గడ్డలకు ఒకటో దశ ఉంటుంది, ముక్కూ గొంతుల మెలనోమాకు అసలు ఒకటీ రెండూ దశలే లేవు. ఎంత చిన్నగా దొరికినా మూడో దశ నుంచే లెక్క. చికిత్స తర్వాత అయిదేళ్లు బతికేవాళ్లు ఇంచుమించు నలుగురిలో ఒకరు. ఇలాంటి శత్రువు ఉన్నచోట నలుపును చూసి భయపడడమే మేలు కాదా?

ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. కానీ దానిలోనే మన వాదనకు బలం దాగుంది. ముక్కు మెలనోమాల్లో చెప్పుకోదగ్గ భాగం నల్లగానే ఉండవు. గులాబీ రంగులో, మాంసపు ముద్దలా, ‘ముక్కులో కండ పెరిగింది’ అని జనం అనుకునేదానిలాగే ఉంటాయి. నలుపు ఒక్కదాన్నే వెతికేవాడికి ఆ గులాబీ ముద్ద కనపడదు. అనుమానించాల్సిన గుర్తులు వేరు: అరవై దాటిన వయసులో ఒకే ముక్కుపుటం మూసుకుపోవడం, ఆ వైపే మళ్లీ మళ్లీ రక్తం రావడం, కనిపించేది చదునుగా లేకుండా ఉబ్బి ఉండడం, నెలల్లో పెరగడం, పుండు పడడం. ఇవి రెండు మూడు వారాలు తగ్గకుంటే, రంగు ఏదైనా సరే, పసరు మందుతోనో ముక్కు చుక్కలతోనో కాలం గడపకూడదు.

నల్లచర్మం వాళ్లకు ఇదంతా మామూలేనని వాదించేవాళ్లూ ఉన్నారు. అది సగమే నిజం. చర్మం రంగు ఏదైనా మెలనోసైట్ల లెక్క దాదాపు సమానమే, తేడా అవి ఎంత రంగు చేస్తాయన్నదాంట్లో. కాబట్టి మన చిగుళ్ల మీద, అంగిలి మీద రెండు వైపులా సమానంగా ఉండే నల్లదనం సహజమే. చర్మపు మెలనోమా మన దగ్గర తక్కువన్నదీ నిజమే. కానీ నలుపు ఇచ్చే రక్ష ఎండ నుంచి మాత్రమే. 2017లో ఆస్ట్రేలియా పరిశోధకులు 183 మెలనోమాల జన్యుపటాలు చదివితే, చర్మం మీది వాటిలో ఎండ దెబ్బ ముద్రలు నిండుగా ఉన్నాయి, లోపొరల వాటిలో అవి దాదాపు లేవు. చైనాలో మొత్తం మెలనోమాల్లో అయిదో వంతుకు పైగా లోపొరలవేనని, తెల్లజాతి దేశాల్లో అవి నూటికి ఒకటి చుట్టూ ఉంటాయని చదివి ఆసియావాసులకు ముక్కు మెలనోమా ఎక్కువని కొందరు అనుకుంటారు. అది లెక్కలో వచ్చే మోసం. ఆసియాలో తక్కువగా ఉన్నవి చర్మం మీది మెలనోమాలు, అందువల్ల లోపలివి పెద్ద వాటాగా కనిపిస్తాయి. మన చర్మం రంగు ముక్కు లోపలి కణానికి అదనపు ముప్పూ తేదు, అదనపు రక్షా ఇవ్వదు.

మంచి మచ్చే చెడ్డదిగా మారితే? ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పలేం. నోటి మెలనోమాల్లో సుమారు మూడో వంతుకు ముందు ఆ చోట కొన్ని నెలలో ఏళ్లో నల్లమరక ఉందని రోగులు చెబుతారు. ఆ మరక మొదట నిజంగా మంచిదేనా, మొదటి రోజు నుంచే నెమ్మదిగా పెరుగుతున్న క్యాన్సరా అన్నది అప్పటి ముక్క తీసి చూడలేదు కాబట్టి తెలియదు. అయితే ఈ సందేహం వల్లనే ఒక ఆచరణ పుట్టింది. ముక్కులో, గొంతులో వయసు మళ్లాక కొత్తగా కనిపించిన మరకను కళ్లతో చూసి వదిలేయరు, ఒకసారి ముక్క తీసి పరీక్షిస్తారు. 1995లో హాంకాంగ్ పెథాలజిస్టులు వర్ణించిన ఒక మార్పు దీనికి మంచి ఉదాహరణ. ముక్కు వెనక, చెవి గొట్టం తెరుచుకునే చోట వృద్ధుల్లో చిన్న గోధుమనల్లటి చుక్కలు కనిపించాయి. గ్రంథుల కణాలు వయసుతో ఉబ్బి, వాటి మధ్య మెలనిన్ చేరడం తప్ప అందులో మరేమీ లేదు. కంటికి మాత్రం అది మెలనోమాలాగే ఉంటుంది.

కత్తి పెడితే పాకుతుందా

ముక్క తీయడం అనగానే పల్లెల్లోనూ పట్నాల్లోనూ వినిపించే మాట ఇది. చర్మపు మెలనోమాలో మొత్తం గడ్డ తీసినవాళ్లనూ, ముందు చిన్న ముక్క తీసి చూసినవాళ్లనూ పోల్చిన అధ్యయనాల్లో బతికే కాలంలో తేడా రాలేదు. ముక్క తీయడం వల్ల క్యాన్సర్ పుట్టదు, ముక్క తీసేలోపే అది ఎంత పాకిందన్నది దాని స్వభావం. అయితే ఈ భయంలో ఒక మూల నిజముంది, అది వేరే గడ్డలకు సంబంధించింది. యుక్తవయసు మగపిల్లలకు ముక్కు వెనక రక్తనాళాల గడ్డ ఒకటి వస్తుంది. దాన్ని ఓపీలో గిల్లితే ఆగని రక్తం కారుతుంది. పుట్టుకతో మెదడు పొర ముక్కులోకి జారిన చోట కోస్తే మెదడు నీరే కారుతుంది. అందుకే చదునైన మరకకు వెంటనే ముక్క తీయవచ్చు, ఉబ్బిన ముద్దకు మాత్రం ముందు స్కాన్, తర్వాతే కత్తి. ఈ వరుస తెలిసిన చోటికే పోవాలి. మోత్కూర్ వాళ్లకు బీబీనగర్ ఎయిమ్స్, కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి బస్సు దూరంలోనే ఉన్నాయి.

పరీక్షలో మెలనోసిస్ అనో, పుట్టుమచ్చ అనో వస్తే చికిత్స దాదాపు ఉండదు. చిన్న పుట్టుమచ్చ ముక్కతోనే పూర్తిగా పోతుంది. పరుచుకున్న మరకను తీయాలంటే చుట్టూ ఉన్న మంచి పొరనూ తీయాలి, స్వరపేటికలో అయితే గొంతు పాడవుతుంది, కాబట్టి దాన్ని అలాగే ఉంచుతారు. పొగతాగడం ఉంటే మానమంటారు. కెమెరాతో ఫొటో తీసి దాచి, ఆరు నెలలకో ఏడాదికో అదే చోట మళ్లీ తీసి రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టి చూస్తారు. అంచు కదలకుంటే అంతే. కదిలినా, ఉబ్బినా, రక్తం వచ్చినా మొదటి రిపోర్టులో మంచిదని రాసి ఉన్నా సరే, మళ్లీ ముక్క తీస్తారు.